తల కదిలితే ఏమవుతుంది? ప్రోటాన్ గది నుంచి మీ ఉత్తరాలకు జవాబులు

గత సంచికలో ప్రోటాన్ చికిత్స (కణితి మీద ప్రోటాన్ల కిరణం వేసే రేడియేషన్ వైద్యం) గురించి రాస్తూ "తల మిల్లీమీటరు కూడా కదలకూడదు" అని ఒక మాట అనేశాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆ ఒక్క మాట పట్టుకుని రాసినవే. కొందరిని భయపెట్టాను, కొందరికి లేనిపోని అనుమానాలు తెప్పించాను. నేను 22 ఏళ్లుగా రేడియేషన్ విభాగంలో టెక్నాలజిస్టుని. చివరి కొన్నేళ్లు ప్రోటాన్ గదిలోనే గడిచాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా పని మనుషుల తలల్ని వాటి చోట పెట్టడం. అలాంటి నేనే ఆ మాట తొందరపడి రాశాను. తల కదులుతుంది. ఊపిరి తీసే మనిషి తల కదలకుండా ఎలా ఉంటుంది? ఎంత కదిలిందో తెలుసుకుని సరిచేయడమే మా ఉద్యోగం.

మందుల గురించీ, జబ్బు ఎంతవరకు తగ్గుతుందన్న విషయం గురించీ వచ్చిన ఉత్తరాలను డాక్టరు గారికి అందజేశాను. నేను మాట్లాడేది తల, మాస్క్, టేబుల్ గురించే.

మేడమ్ గారూ, మావారికి మెదడు అడుగుభాగాన కణితి. ప్రోటాన్ కరెంటు 30 సిట్టింగులు పెట్టాలన్నారు. మొహానికి వలలాంటిది వేసి బల్లకి బిగించేస్తారట. ఆయనకి లిఫ్టులోనే ఊపిరాడదు. మత్తు ఇచ్చి చెయ్యరా? పొరపాటున తుమ్మితే కరెంటు పక్కన పడి మంచి మెదడు కాలిపోతుందా? – ఓ సోదరి

అమ్మా, జనం నోట్లో రేడియేషన్ అంటే 'కరెంటు పెట్టడం' అయిపోయింది గానీ అది కరెంటు కాదు. ప్రోటాన్లంటే హైడ్రోజన్ పరమాణువు మధ్యనుండే కేంద్రకాలు. షాకు కొట్టదు, ఏమీ కాలినట్టు ఉండదు. కొందరికి కళ్లు మూసుకున్నా నీలంగా ఏదో మెరిసినట్టూ, ఎక్కడిదో వాసన వచ్చినట్టూ అనిపిస్తుంది. అలా అయితే కంగారుపడవద్దని మీవారికి ముందే చెప్పి ఉంచండి.

వల సంగతి చెబుతాను. మేం దాన్నే మాస్క్ అంటాం. అది థర్మోప్లాస్టిక్ పలక, నిండా చిల్లులుంటాయి. మామూలుగా గట్టి అట్టలా ఉండే ఆ పలక 65–70 డిగ్రీల నీళ్లలో వేస్తే తడిగుడ్డలా మెత్తబడుతుంది. నీళ్లు దులిపి, ముందు మా చేతి మీద వేడి చూసుకుని, మీవారి మొహం మీద పరిచి, నుదుటి దగ్గర, ముక్కు దూలం దగ్గర, గడ్డం కింద వేళ్లతో అదుముతాం. వేడి కాపడం పెట్టినట్టుంటుంది. కొన్ని నిమిషాల్లో చల్లారి ఆ మొహం ఆకారంలోనే గట్టిపడుతుంది. ముక్కుతోనూ నోటితోనూ హాయిగా గాలి పీల్చుకోవచ్చు.

ఇదంతా ఇంత ధైర్యంగా ఎందుకు చెబుతున్నానంటే, నేనూ వేయించుకున్నాను. ప్రోటాన్ గదికి మారిన కొత్తలో ఒక నియమం పెట్టుకున్నాను: మా దగ్గర చేరే ప్రతి కొత్త టెక్నాలజిస్టూ మాస్క్‌లో పది నిమిషాలు పడుకోవాలి, రేడియేషన్ ఏమీ లేకుండా, ఊరికే. నియమం పెట్టినదాన్ని కాబట్టి ముందు నేనే పడుకున్నాను. అప్పటికి వేలమందికి మాస్కులు బిగించి ఉంటాను, "ఏం కాదండీ" అని చెప్పి ఉంటాను. చల్లారేకొద్దీ పలక కొంచెం కుంచించుకుంటుందని పుస్తకాల్లో చదివాను. ఆ కుంచించుకోవడం చెంపల మీద ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. ఎవరో అరచేతులతో మొహాన్ని నెమ్మదిగా దగ్గరికి తీసుకున్నట్టుంటుంది. ఏడో నిమిషంలో ముక్కు మీద దురద మొదలైంది. ఎనిమిదో నిమిషంలో లోకంలో ఆ దురద తప్ప ఇంకేదీ లేదు. అప్పటినుంచి "ఏం కాదండీ" అనడం మానేశాను. "బిగుతుగా ఉంటుంది, దురద పుడుతుంది, చెయ్యెత్తితే వెంటనే వచ్చి తీసేస్తాం" అంటున్నాను. ఇలా చెప్పాక భయపడేవాళ్లు తగ్గారు.

మీవారి విషయంలో నా సలహా: మాస్క్ తయారుచేసే రోజునే లిఫ్టు సంగతి చెప్పేయండి. దాచుకుని ఓర్చుకుందామనుకోవద్దు. కుదిరితే కళ్ల దగ్గర మాస్క్‌ను కత్తిరిస్తారు, పైకప్పు కనిపిస్తే సగం భయం పోతుంది. చేతికి బజర్ ఇస్తారు. బయట కెమెరాలో మేం చూస్తూనే ఉంటాం, మాట వినిపిస్తుంది. క్లిప్పులు విప్పడానికి పట్టేది కొన్ని సెకన్లు. పెద్దవాళ్లకు పూర్తి మత్తు సాధారణంగా అవసరం పడదు. మరీ కష్టమైతే ఆందోళన తగ్గించే చిన్న మాత్ర గురించి డాక్టరు ఆలోచిస్తారు.

ఇక తుమ్ము. గదిలో ఉండేది అరగంట అటూఇటూగా అయినా, ప్రోటాన్లు నిజంగా పడేది ఒక్కో కోణం నుంచి ఒకటి రెండు నిమిషాలే. తుమ్ము వస్తే బజర్ నొక్కమనండి. బీమ్ (ప్రోటాన్ల కిరణం) ఆపేస్తాం, ఎక్కడ ఆగిందో యంత్రం గుర్తుపెట్టుకుంటుంది. తల మళ్లీ సరిచూసి, వదిలిన చోటినుంచే మొదలుపెడతాం. నొక్కేలోపే తుమ్మేశారనుకోండి, 30 రోజుల మోతాదులో అది ఒక్క క్షణం. ఒక్క తుమ్ము మెదడుని కాల్చదు. రోజూ అదే వైపు అంతే తేడాతో పడుకుంటే, ఆ తేడాని ఎవరూ కనిపెట్టకపోతే, అప్పుడు ప్రమాదం. నా భయమంతా అలాంటి తేడా గురించే.

ఎక్స్-రే రేడియేషన్‌కీ మాస్కే వేస్తారు, ప్రోటాన్‌కీ మాస్కే వేస్తారు. నాకు మూడేళ్ల కిందట మొదటిది అయింది. ఆ మాస్క్ నా దగ్గరే ఉంది. ఇప్పుడు ప్రోటాన్ అంటే మళ్లీ కొత్త మాస్క్, కొత్త స్కాన్ అంటున్నారు. తేడా ఏమిటి? – ఒక రిటైర్డ్ ఇంజనీరు

అయ్యా, ఇంజనీరునన్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మిగతావాళ్లు విసుగొస్తే కింది ఉత్తరానికి వెళ్లిపోవచ్చు.

ఎక్స్-రే టార్చిలైటు వెలుగు లాంటిది. తలలో ఒకవైపు దూరి, పోతూపోతూ కొంచెం కొంచెం తగ్గి, రెండోవైపు బయటికి పోతుంది. ప్రోటాన్ అలా కాదు. ఇసుకలోకి కొట్టిన గోళీలా కొంత దూరం వెళ్లి ఆగిపోతుంది. ఆగబోయే చివరి కొద్ది మిల్లీమీటర్లలోనే తన శక్తిలో పెద్ద వాటా వదిలేస్తుంది. విలియం హెన్రీ బ్రాగ్ అనే భౌతిక శాస్త్రవేత్త ఆల్ఫా కణాల్లో (అవి హీలియం కేంద్రకాలు) ఈ గుణాన్ని 1900ల మొదట్లోనే గమనించాడు, అందుకే దాన్ని బ్రాగ్ శిఖరం అంటారు. దీన్ని వైద్యానికి వాడుకోవచ్చని రాబర్ట్ విల్సన్ 1946లో రాశాడు. ప్రోటాన్‌కు 70 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తినిస్తే నీటిలో సుమారు 4 సెంటీమీటర్లు వెళుతుంది, 150 ఇస్తే దాదాపు 16, 230 ఇస్తే 33 దాకా. ఎంత లోతున ఆగాలో మనమే నిర్ణయించవచ్చు. కణితి వెనక కంటినరం ఉంటే దాని ముందే ఆపొచ్చు. ప్రోటాన్ గొప్పతనమంతా ఇక్కడే ఉంది, చిక్కంతా కూడా ఇక్కడే ఉంది.

ఎందుకంటే ఆ లోతు దారిలో ఏముందన్న దాన్నిబట్టి మారుతుంది. గట్టి ఎముకలో ప్రోటాన్ త్వరగా అలిసిపోతుంది. గాలిలో దాదాపు అలిసిపోదు. ఎక్స్-రేలో తల 3 మిల్లీమీటర్లు జరిగితే మోతాదు పడే ప్రాంతం కూడా అంతే పక్కకి జరిగినట్టు లెక్క, దాని ఆకారం పెద్దగా మారదు. ప్రోటాన్‌లో అదే 3 మిల్లీమీటర్లు జరిగితే, నిన్న చెవి వెనక ఎముక అంచు పక్కనుంచి పోయిన కిరణం ఇవాళ ఆ ఎముక గుండా పోవచ్చు. అప్పుడు అది ముందే ఆగుతుంది. మోతాదు పక్కకి జరగడం కాదు, దాని ఆకారమే మారుతుంది.

దారిలో ఉండేవాటిలో మీ తల ఒక్కటే కాదు. మాస్క్ పలక ఉంది, తల కింద దిండు ఉంది, దాని కింద బోర్డు, టేబుల్. ప్రోటాన్ లెక్కలో ఇవన్నీ 'ఇన్ని మిల్లీమీటర్ల నీటితో సమానం' అని కొలవాల్సినవే. మాస్క్ మందం పెద్ద సమస్య కాదు, మాస్క్‌తోనే స్కాన్ తీస్తాం కనుక లెక్కలోకి వచ్చేస్తుంది. బాధంతా అంచులతో. బోర్డు అంచు, ఫ్రేము అంచు, క్లిప్పు, స్క్రూ లాంటివి కిరణం దారిలో పడితే తల కొంచెం జరిగినా దాటాల్సిన మందం ఒక్కసారిగా మారిపోతుంది. అందుకే ప్రోటాన్‌కి వాడే తలబోర్డులు అంచులు నునుపుగా పలచబడేలా, తల పక్కనుంచి కిరణం రావడానికి చోటుండేలా చేస్తారు. మీ దగ్గరున్న పాత మాస్క్ పాత బోర్డుకి సరిపోయేది. పైగా మూడేళ్లలో మీ మొహం కూడా అదే మొహం కాదు.

ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. ముక్కు వెనక ఎముకలో కణితి ఉన్న ఒక కుర్రాడు మా దగ్గరికి వచ్చేవాడు. మంచి రోగి, బల్ల ఎక్కితే రాయిలా పడుకునేవాడు. మూడో వారంలో ఒకరోజు ఎక్స్-రే సరిపోల్చితే ఏ వైపూ సర్దాల్సిందే లేదు, అన్నీ సున్నాలే. అలాంటి రోజు మాకు పండగ. బీమ్ ఇవ్వబోతుంటే మైకులో అతని ఊపిరి వినిపించింది, నోటితో తీసుకుంటున్నాడు. "ఏం నాన్నా, జలుబు చేసిందా?" అంటే, నాలుగు రోజులనుంచి అన్నాడు. ఆపి ఫిజిసిస్టుని (మోతాదు లెక్కలు చూసే నిపుణుణ్ణి) పిలిచాం. మళ్లీ సీటీ తీస్తే, ప్లాన్ (ఏ కోణం నుంచి ఎంత లోతుకి ఎంత మోతాదు అన్న లెక్క) వేసినప్పుడు గాలితో ఖాళీగా ఉన్న సైనస్ (ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే అర) ఇప్పుడు చీమిడితో నిండి ఉంది. ఒక సెంటీమీటరు గాలి ఉన్నచోట చీమిడి నిండితే, దాని గుండా పోయే ప్రోటాన్ దాదాపు ఒక సెంటీమీటరు ముందే ఆగుతుంది. ఎముకలు అన్నీ వాటి చోటే ఉన్నాయి, తలలో మచ్చుకు కూడా తేడా లేదు, ప్లాన్ మాత్రం తప్పింది. కొత్త ప్లాన్ వేశారు. జలుబు చేసిందని చెప్పడం చిన్న విషయం అనుకోకండి. మాకు చెప్పండి.

మాస్క్‌లో ఉన్నప్పుడు ఉమ్మి మింగొచ్చా? – పేరు లేదు

మింగండి. మింగకుండా బిగబట్టుకుంటేనే చివరికి పెద్ద గుటక వేస్తారు, గడ్డం అప్పుడు ఎక్కువ కదులుతుంది.

మా అమ్మకి రోజూ బల్లమీద పడుకోబెట్టాక రెండుసార్లు ఎక్స్-రేలు తీస్తున్నారు. ఒక్కోరోజు బల్ల దానంతటదే కదులుతుంది. ఒక్కోరోజు మాస్క్ విప్పి మళ్లీ పెడుతున్నారు. వాళ్లకి పని సరిగ్గా రాదా అని అనుమానంగా ఉంది.

అనుమానం మంచిదే, కానీ ఈ విషయంలో తిరగేసి చూడాలి. మాస్క్ విప్పి మళ్లీ పెట్టే టెక్నాలజిస్టు దొరికితే అదృష్టం అనుకోండి.

మొదట్లో మాస్క్ చేసి సీటీ తీసిన రోజున అమ్మ తల ఎలా ఉందో కంప్యూటర్లో బొమ్మ ఉంటుంది. రోజూ తీసే ఎక్స్-రేని ఆ బొమ్మతో ఎముకకి ఎముక పెట్టి సరిపోల్చుతారు. తేడా ఆరు రకాలుగా వస్తుంది. తల పైకో కిందకో, కుడికో ఎడమకో, పాదాలవైపో నడినెత్తివైపో జరగడం మూడు రకాలు. గడ్డం ఎత్తినట్టో దించినట్టో, పక్కకి ఒరిగినట్టో, 'కాదు' అని తల తిప్పినట్టో ఉండడం మరో మూడు. ఈ ఆరింటినీ సరిచేసేలా బల్లకి రోబో చెయ్యి ఉంటుంది, మీరు చూసే కదలిక అదే. తిరుగుడు గురించి జనం తేలిగ్గా అనుకుంటారు. ఒక్క డిగ్రీ తిరిగితే, మధ్యబిందువుకి 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్న చోటు 1.7 మిల్లీమీటర్లు జరుగుతుంది. తల కణితులకి మేం చూసుకునే హద్దులు మామూలుగా ఒకటి రెండు మిల్లీమీటర్లు, ఒక డిగ్రీ చుట్టుపక్కలే ఉంటాయి. ప్లాన్ వేసేవాళ్లు ఆ మిగిలే తేడాని కూడా కలుపుకునే వేస్తారు. తల ఇటు 3 మిల్లీమీటర్లు జరిగితే, అటు జరిగితే, లోతు లెక్క మూడు మూడున్నర శాతం తప్పితే కణితికి మోతాదు అందుతుందా అని ఒక్కొక్కటీ పరీక్షించి చూస్తారు. పోయిన నెల నేను రాసిన 'మిల్లీమీటరు కూడా' అన్న మాట తప్పని అన్నది ఇందుకే.

మరి మాస్క్ ఎందుకు విప్పుతారు? బల్ల ఎన్ని వైపులకి తిరిగినా అమ్మని మొత్తంగా తిప్పగలదే గానీ, మెడ వంపుని మార్చలేదు. పుర్రె సరిపోయి మెడపూసలు సరిపోకపోతే బల్లతో పని జరగదు, మనిషిని మళ్లీ పడుకోబెట్టాలి.

ఒకావిడ వరసగా మూడురోజులు గడ్డం దించుకునే వచ్చేది, రెండు డిగ్రీల తేడా. బల్లతో సర్దితే తల సరిపోయేది, మెడ సరిపోయేది కాదు. మాస్క్ చూశాం, బోర్డు చూశాం, అంతా బాగానే ఉంది. నాలుగో రోజు మా ఆయా అడిగింది, "అమ్మగారి ముడి ఏదండీ?" అని. సీటీ రోజు ఆవిడ జుట్టు వెనక ముడి వేసుకుని వచ్చింది. తల ఆ ముడి మీద ఆనుకునే మాస్క్ తయారైంది. తర్వాత పక్కజడ వేసుకుని రావడం మొదలుపెట్టింది. అంతమంది చదువుకున్నవాళ్లం చూడనిది ఆయా చూసింది. ఇప్పుడు మాస్క్ చేసేముందు ముడి విప్పించి, జుట్టు ఎలా ఉందో ఫొటో తీసి పెట్టుకుంటున్నాం. కట్టుడు పళ్లు కూడా అంతే. సీటీ రోజు ఉంటే రోజూ ఉండాలి, తీసేస్తే రోజూ తీసేయాలి. పళ్లు లేని దవడ ఇంకో చోట ఆగుతుంది.

మాస్క్ బిగించాక నన్ను పావుగంట పైగా అలాగే వదిలేశారు. అడిగితే "బీమ్ రావాలి" అన్నారు. నాకు చాలా కోపం వచ్చింది.

రావాల్సిందే. చాలా కేంద్రాల్లో ప్రోటాన్లకి వేగం ఇచ్చే సైక్లోట్రాన్ ఒక్కటే, చికిత్స గదులు రెండో మూడో ఉంటాయి. బీమ్ ఒకసారికి ఒక గదికే వెళుతుంది. పక్కగదిలో మత్తులో ఉన్న పసివాడు ఉంటే వాడికే ముందు ఇస్తారు. మీరు పడుకుని ఎదురుచూసే కారణం తొంభైపాళ్లు అదే.

అంతమాత్రాన ఆ పావుగంట మంచిదని అనను. ప్రోటాన్ పనిలో నా తొలిరోజుల్లో (అప్పుడు వేరే చోట పనిచేసేదాన్ని) ఇలాగే ఒకాయన్ని ఇరవై అయిదు నిమిషాలు మాస్క్‌లో ఉంచి, బీమ్ రాగానే మొదలుపెట్టబోయాను. పక్కనున్న సీనియర్ చెయ్యి అడ్డం పెట్టి, "ఎక్స్-రే ఎప్పటిది?" అన్నాడు. మళ్లీ తీస్తే తల 2 మిల్లీమీటర్లు కిందకి దిగి ఉంది. ఆయన కదల్లేదు పాపం. భుజాల బిగువు సడలింది, మెడ కండరాలు వదులయ్యాయి, తల దానంతటదే కిందకి కూర్చుంది. ఎంతసేపు పడుకుంటే అంత జారుతుంది. ఇప్పుడు నా గదిలో ఆలస్యం పది నిమిషాలు దాటేలా ఉంటే మాస్క్ విప్పేస్తాను, బీమ్ వచ్చేముందు మళ్లీ పెట్టి మళ్లీ ఎక్స్-రే తీస్తాను. తోటివాళ్లు కొందరికి ఇది నచ్చదు, పని రెండింతలవుతుంది. మీరు మాత్రం నిస్సంకోచంగా అడగండి: "ఎంతసేపు పడుతుంది? విప్పుతారా? మళ్లీ ఫొటో తీస్తారా?" అని.

ఈ జారుడు తెలిశాక బల్ల ఎక్కినవాళ్లందరికీ ఒకే మాట చెబుతున్నాను. కదలకుండా ఉండాలని ప్రయత్నించకండి. ప్రయత్నించేవాళ్లు భుజాలు బిగిస్తారు, ఆ బిగువు ఎంతోసేపు నిలవదు. మొదటే ఒక పెద్ద ఊపిరి వదిలి భుజాల్ని వదిలేసి, తల బరువంతా దిండు మీద వేసేయండి.

మా బాబుకి ఆరేళ్లు. ఆరువారాలు రోజూ మత్తు ఇచ్చి చేస్తామంటున్నారు. రోజూ మత్తంటే గుండె జారిపోతోంది. మెలకువగానే చేయించుకోలేడా?

తల్లీ, ఆరేళ్లంటే సరిగ్గా గడప మీదున్న వయసు. కొందరు పడుకోగలరు, కొందరు పడుకోలేరు, అది పిల్లాడి మంచితనం మీదా నీ పెంపకం మీదా ఆధారపడదు. ఇచ్చే మత్తు కొద్దిసేపటిదే, సొంతంగా ఊపిరి తీసుకుంటూనే ఉంటాడు, మత్తు డాక్టరు తెరమీద వాడి ఊపిరినీ గుండెనీ చూస్తూనే ఉంటారు. అయ్యాక త్వరగానే లేస్తాడు.

మెలకువగా చేయించాలని ఉంటే మొదటి సీటీకి ముందే చెప్పాలి. మధ్యలో మారడం అంత సులువు కాదు. మత్తులో నాలుక, దవడ వెనక్కి జారతాయి, అందుకే ఊపిరి బాగా ఆడేలా గడ్డాన్ని కొంచెం ఎత్తి పెడతాం. మెలకువగా ఉన్న పిల్లాడి గడ్డం అలా ఉండదు. మూడో వారంలో "ఇవాళ్టినుంచి మత్తు వద్దు" అంటే మళ్లీ మాస్క్, మళ్లీ సీటీ కావలసి రావచ్చు.

సాధన చేయించు. మాస్క్ పలక ముక్క ఒకటి ఇమ్మని అడుగు, ఇస్తారు. గోరువెచ్చటి నీళ్లకి అది లొంగదు, వేడినీళ్లు కావాలి, కాబట్టి పని నువ్వే చెయ్యి. వాడి బొమ్మకి మాస్క్ చేయించు. తర్వాత వాడు చెయ్యి చాపితే చేతికి. ఒక్కరోజులో మొహం దాకా వెళ్లకు. మా దగ్గర ఒక పిల్ల తన కుందేలు బొమ్మకి మాస్క్ వేయించి, రోజూ ముందు దానికి 'ట్రీట్‌మెంటు' ఇప్పించి, తర్వాత తను ఎక్కేది. కుందేలు చెవులు మాస్క్‌లో పట్టకపోతే రెండు చిల్లులు కత్తిరించాం. ఆ పిల్లకి మత్తు అవసరం పడలేదు. కానీ అంతకుముందు వారం వచ్చిన ఎనిమిదేళ్ల పిల్లాడికి పడింది. ఎవరికి పడుతుందో ముందుగా చెప్పడం నా వల్ల కాదు.

నాకు కంటిలోపల మెలనోమా అనే క్యాన్సర్ కణితి. పడుకోబెట్టకుండా కుర్చీలో కూర్చోబెట్టి చేస్తారట. కూర్చున్న మనిషి తల ఎలా నిలుస్తుంది? అసలు కన్ను ఎలా నిలుస్తుంది?

అయ్యా, తల నిలవడం ఇక్కడ సులువు. మాస్క్ ఉంటుంది, పైగా మీ పళ్ల అచ్చు తీసి చేసిన ముక్కని కరచి పట్టుకుంటారు. పై పళ్లు పుర్రెకి అతుక్కుని ఉన్నవి కదా, పళ్లు నిలిస్తే పుర్రె నిలిచినట్టే. కన్నే అసలు సంగతి. దానికి మీరే సాయం చెయ్యాలి. ఎదురుగా చిన్న దీపం పెడతారు, దాన్నే చూస్తూ ఉండాలి. కెమెరాలో మీ కంటిపాపని పెద్దదిగా చేసి మేం చూస్తుంటాం. చూపు తప్పితే బీమ్ ఆపుతాం.

ముందుగా కంటి సర్జన్ కనుగుడ్డు తెల్లపొర మీద టాంటలం అనే లోహపు చిన్న గుండ్రటి రేకుల్ని కుట్టి ఉంచుతారు. ఒక్కోటి రెండున్నర మిల్లీమీటర్లు. కణితి ఎక్స్-రేలో కనబడదు, అవి కనబడతాయి. వాటిని బట్టి కణితి ఎక్కడుందో లెక్కకడతారు. బోస్టన్‌లో ఈ చికిత్స 1975లోనే మొదలుపెట్టారు, అంటే మీమీద కొత్తగా ప్రయోగం చేయడం లేదు. సాధారణంగా నాలుగైదు సిట్టింగులే. ఒక్కోసారి బీమ్ పడేది నిమిషం, రెండు నిమిషాలు. రెప్పని వెనక్కి పట్టి ఉంచే క్లిప్పు చిరాకు పెడుతుంది, చుక్కలమందు వేస్తారు కాబట్టి నొప్పి ఉండదు.

నేను ఫిజిక్స్ విద్యార్థిని. మాస్కులు రాకముందు తలని ఎలా పట్టుకునేవారు? పుర్రెకి స్క్రూలు బిగించేవారని విన్నాను, నిజమేనా?

నిజమే బాబూ. స్వీడన్‌లో లార్స్ లెక్సెల్ అనే మెదడు సర్జన్ 1949లో పుర్రెకి పిన్నులతో బిగించే చట్రం తయారుచేశాడు. ఆ చట్రానికి గీతలుంటాయి, తలలో ఏ చోటుకైనా దానిమీద మూడు అంకెల చిరునామా దొరుకుతుంది. మనుషులకి మొదటిసారి ప్రోటాన్లు ఇచ్చింది 1954లో, అమెరికాలోని బర్క్‌లీలో. అక్కడ ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్నవారికి తలలోని పిట్యూటరీ గ్రంథి మీద ఇచ్చారు. ఒక తమాషా ఏమిటంటే, వాళ్లు ప్రోటాన్‌ని లోపల ఆపలేదు. అంత శక్తితో తల ఈవైపునుంచి ఆవైపుకి దూసుకుపోనిచ్చి, వేర్వేరు దిక్కులనుంచి వచ్చే కిరణాలు గ్రంథి దగ్గర కలిసేలా చేశారు. సీటీ స్కాన్ లేని రోజులు. లోతు కచ్చితంగా లెక్కగట్టడం కన్నా అదే నమ్మకమైన దారి. ప్రోటాన్ ఆగిపోయే గుణాన్ని తల లోపల వాడుకుంటూ హార్వర్డ్ సైక్లోట్రాన్ దగ్గర రేమండ్ కెల్‌బర్గ్ అనే మెదడు సర్జన్ 1961 నుంచి రోగులకి చికిత్స చేశాడు.

నాకు బాగా నచ్చింది మాత్రం దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ దగ్గరి కేంద్రం వాళ్ల పద్ధతి. 1993లో అక్కడ ప్రోటాన్ చికిత్స మొదలైంది. బీమ్ అడ్డంగా ఒకే దిక్కునుంచి వచ్చేది, దాన్ని తిప్పే వీల్లేదు, అందుకని మనిషినే తిప్పాలి. రోగి మాస్క్ మీద వెలుగుని వెనక్కి కొట్టే చిన్న గుర్తులు అంటించి, చుట్టూ కెమెరాలు పెట్టారు. వేర్వేరు వైపులనుంచి కనిపించే ఆ గుర్తుల్ని బట్టి తల గదిలో ఎక్కడుందో కంప్యూటర్ లెక్కగట్టేది, కదిలితే పసిగట్టేది. గట్టిగా బిగించడం కన్నా బాగా చూడడం మేలన్న ఆలోచన అది. ఇప్పుడు మొహం తెరిచి ఉండే మాస్కులు, చర్మాన్నే చూసే కెమెరాలు వస్తున్నాయంటే అదే దారిలో. కానీ చర్మం వేరు, పుర్రె వేరు. కనుబొమ్మలు ముడిస్తే కెమెరా తల కదిలిందనుకుంటుంది. అందుకని ఎక్స్-రేని ఇప్పుడప్పుడే వదిలిపెట్టలేం.

నాన్నగారికి స్టెరాయిడ్ మాత్రలతో మొహం ఉబ్బిపోయింది. మాస్క్ బాగా బిగుతైంది, చెంపల మీద వల అచ్చు పడుతోంది. పక్క మంచం ఆయనకి సన్నబడి వదులైందట, లోపల టిష్యూ కాగితాలు కుక్కుకుంటున్నారట. మేమేం చెయ్యాలి?

ముందు పక్క మంచం ఆయన్ని కాగితాలు తీసేయమనండి. ఇప్పుడే. తల కుదురుగా ఉంటుందని ఆయన అనుకుంటున్నారు గానీ, ప్రోటాన్ దారిలో ప్లాన్‌లో లేని వస్తువు వచ్చి చేరింది, తలా పక్కకి నెట్టుకుపోయి ఉండవచ్చు. వదులైందని మా మొహాన చెప్పమనండి, మేం కోప్పడం.

నాన్నగారి విషయం. అచ్చు పడడం మామూలే, అరగంట, గంటలో పోతుంది. అచ్చు పోయాక కూడా చర్మం ఎర్రగా నొప్పిగా ఉంటే, దవడ తెరవలేకపోతుంటే మాస్క్ మార్చాలి. ప్రోటాన్‌లో మాస్క్ ఒక్కటే మార్చి సరిపెట్టుకోవడం కుదరదు, సీటీ కూడా మళ్లీ తీయాలి. చెంప ఉబ్బితే దారి పొడవు పెరిగింది కదా, ప్రోటాన్ అంత ముందుగా ఆగుతుంది. సిట్టింగులు కొన్ని రోజులు ఆలస్యమైతే కణితి పెరిగిపోతుందేమోనని చాలామంది ఈ మాట దాచిపెడతారు. కొత్త మాస్క్ పని మామూలుగా అంత ఆలస్యం కాదు, పాత మాస్క్ ఎంతవరకు పనికొస్తుందో ఫిజిసిస్టు చూసి చెబుతారు. స్టెరాయిడ్ మాత్రలు మాత్రం సొంతంగా తగ్గించకండి.

చికిత్స అయిపోయాక మాస్క్ ఇంటికి ఇస్తారా? ఇస్తే ఏం చేసుకుంటారు?

అడిగితే ఇస్తారు. పిల్లలు రంగులు వేసుకుంటారు. ఒకాయన ఆఖరి రోజు గుమ్మం దాటగానే కాలితో తొక్కి విరగ్గొట్టాలని చూశాడు. అది విరగలేదు, వంగి మళ్లీ లేచింది. ఆయనే నవ్వేసి చెత్తబుట్టలో వేసి వెళ్లాడు.

నేను వేయించుకున్న మాస్క్ మా గదిలో బీరువా మీద ఇంకా ఉంది. ఈ మధ్య కొత్తగా చేరిన అమ్మాయి "మేడమ్, ఇది మీదేనా" అంటే పెట్టుకుని చూపించబోయాను. నుదురు పట్టింది, ముక్కు పట్టింది. చెంపల దగ్గర క్లిప్పులు పడలేదు.